మన వైరస్‌ను మనమే చదవాలి

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది ఉండగా, వారిలో 3 లక్షల 20 వేల మంది మన రాష్ట్రంవారే. వయోజనుల్లో వ్యాప్తి దేశమంతటికీ 0.21 శాతమైతే మన దగ్గర 0.67 శాతం, అంటే మూడు రెట్లకు పైమాటే. ఇంకోపక్క, ప్రపంచం వాడే హెచ్‌ఐవీ మందుల్లో పెద్ద వాటా హైదరాబాద్, విశాఖపట్నం కేంద్రాలుగా నడిచే తెలుగువారి కంపెనీల నుంచే వెళుతోంది. హెటెరో, అరబిందో, డాక్టర్ రెడ్డీస్, లారస్ పేర్లు ఆఫ్రికా దేశాల ఆసుపత్రులకు కొత్త కావు. జబ్బు భారమూ మనదే, మందు తయారుచేసే నేర్పూ మనదే. ఈ రెండింటినీ కలపాల్సిన మూడోది ఒకటుంది. వైరస్ జన్యువులు ఎటు మారుతున్నాయో ఎప్పటికప్పుడు చదివే పరిశోధన అది. ఆ పరిశోధన మాత్రం మన రోగుల సంఖ్యకూ మన ఫ్యాక్టరీల స్థాయికీ తగ్గట్టు ఎదగలేదు. తెలివైన పరిశోధకులు మనకు తక్కువేం కాదు. ఖరీదైన మిషన్లు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి. వాటిని నలుగురూ కలిసి వాడుకునే ఏర్పాటే కొరవడింది. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలు, మెడికల్ కాలేజీలు, యూనివర్సిటీలు అన్నింటికీ పనికొచ్చే ఒక ఉమ్మడి జన్యు ప్రయోగశాలను, దానికి తోడుగా ఒక ఉమ్మడి డేటా విభాగాన్ని రాష్ట్రం ఇప్పుడే నిలబెట్టుకోవాలి.

జన్యువు చదవడం ఎందుకంత అవసరమో ముందు చూద్దాం. హెచ్‌ఐవీ జన్యువు మొత్తం పొడవు దాదాపు 9,700 అక్షరాలు. మనిషి కణంలోకి చేరాక వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాస్తుంది. ఆ పని చేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైముకు రాసినదాన్ని సరిచూసుకునే గుణం లేదు. మందులు పడని ఒంట్లో రోజుకు వందల కోట్ల వైరస్‌లు పుడతాయి కాబట్టి తప్పులూ అదే లెక్కన పుడతాయి. వాటిలో చాలావరకు వైరస్‌కే చేటు చేస్తాయి, కొన్ని మాత్రం దానికి కలిసొస్తాయి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ జన్యువులో 184వ స్థానాన్నే తీసుకోండి. అక్కడ ఉండాల్సిన మూడక్షరాలు ఏ-టీ-జీ. మొదటి అక్షరం పోయి జీ-టీ-జీ అయిందా, మిథియోనిన్ చోట వాలిన్ వచ్చి చేరుతుంది. ఆ ఒక్క అక్షరంతో, ఏళ్లుగా మన చికిత్సకు మూలస్తంభంగా ఉన్న లామివుడిన్ బలం దాదాపుగా పోతుంది. 103వ స్థానంలో లైసిన్ బదులు ఆస్పరజిన్ వస్తే నెవిరపిన్, ఎఫవిరెంజ్ రెండూ చేతులెత్తేస్తాయి. వైరల్ లోడ్ పరీక్ష వైరస్ పెరిగిందని చెబుతుంది గాని, ఎందుకు పెరిగిందో చెప్పదు. రోగి మాత్రలు సరిగా వేసుకోకపోయి ఉండొచ్చు, మందుకు లొంగని వైరస్సే మొదట్లో సోకి ఉండొచ్చు, వాడుతూ ఉండగానే నిరోధకత పుట్టి ఉండొచ్చు. జన్యువు చదవకపోతే ఈ మూడింటికీ ఒకటే జవాబు మిగులుతుంది. మాత్రలు మానేశావని రోగిని మందలించడం. చదివితే, మందలించాలా మందు మార్చాలా అన్నది ఊహ మీద కాక ఆధారం మీద తేలుతుంది.

పైగా హెచ్‌ఐవీ అంతటా ఒకే రకం కాదు. ప్రపంచంలోని ఇన్‌ఫెక్షన్లలో దాదాపు సగం సబ్‌టైప్ సీ వల్ల వచ్చినవి. భారతదేశంలోనైతే పదింట తొమ్మిదికి పైగా ఇవే. అమెరికాలో, పశ్చిమ యూరప్‌లో ఎక్కువగా కనిపించే సబ్‌టైప్ బీ వాటా ప్రపంచం మొత్తం మీద ఎనిమిదో వంతు మాత్రమే. కానీ డబ్బూ ల్యాబులూ ఆ దేశాల్లోనే ఉండటం వల్ల మందుల పరిశోధన, నిరోధకత పట్టికలు, ప్రయోగాల్లో వాడే నమూనా వైరస్‌లు అన్నీ మొదట బీ చుట్టూనే పెరిగాయి. సీ తీరు వేరు. టెనోఫోవిర్‌ను దెబ్బతీసే 65వ స్థానపు మార్పు బీలో కన్నా సీలో త్వరగా తలెత్తుతుందని ప్రయోగశాల అధ్యయనాలు చూపాయి. ఆ చోట సీ వైరస్ అక్షరాల వరస వేరుగా ఉండటమే అందుకు కారణం. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయకుమార్ రంగ బృందం 2004లో సీ వైరస్‌ల ట్యాట్ ప్రోటీన్‌లో 31వ స్థానంలోని తేడాను, దానివల్ల ఆ ప్రోటీన్ గుణం ఎలా మారుతుందో వివరించింది. వైరస్ జన్యువులను పనిలోకి దించే ఎన్‌ఎఫ్-కప్పా బీ స్థానాలు మామూలుగా మూడు ఉండే సీ వైరస్‌లో, నాలుగు ఉన్న కొత్త రకాలు మన దేశంలో పుట్టుకొస్తున్నాయని అదే బృందం 2012లో ప్రకటించింది. ఇలాంటి సంగతి ఒక్క ఆసుపత్రిలోని రోగుల రక్తంతో తేలదు. వేర్వేరు ప్రాంతాల నమూనాలు ఒకచోట చేరి, ఒకే పద్ధతిలో చదివితేనే బయటపడుతుంది. మన వైరస్ గురించి మనకు తెలిసిన ముఖ్యమైన విషయాలన్నీ చేతులు కలిపినప్పుడే తెలిశాయి.

ఇప్పుడు ఆగిరిపల్లి లాంటి మండలం వైపు నుంచి ఈ విషయాన్ని చూడాలి. విజయవాడకూ నూజివీడుకూ నడుమ, మామిడి తోటల మధ్య ఉన్న ప్రాంతం ఇది. హెచ్‌ఐవీ మందులు వాడే మనిషి ఇక్కణ్నుంచి పట్నం వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, కోతల కాలంలో ఆ నష్టం ఇంకా ఎక్కువ. జన్యు పరీక్షకు మామూలు పద్ధతిలో రక్తం తీస్తే కొద్ది గంటల్లో ప్లాస్మా వేరుచేసి, సున్నాకు 70 డిగ్రీల దిగువన గడ్డకట్టించి, ఆ చలిలోనే ల్యాబుకు పంపాలి. పల్లెల్లో ఇది జరిగే పని కాదు. అయితే దీనికో దారి ఎప్పటినుంచో ఉంది. మందపాటి ఫిల్టర్ పేపర్ కార్డు మీద అయిదు వలయాలు అచ్చువేసి ఉంటాయి. ఒక్కో వలయం నిండేలా రక్తపు చుక్క వేసి, నీడలో నాలుగైదు గంటలు ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు జిప్ కవర్లో మూస్తారు. ఇక అది చలిపెట్టె లేకుండానే ప్రయాణం చేయగలదు. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరు వారాలు నిండగానే మడమ నుంచి తీసే రక్తాన్ని మన దేశంలో ఇలాంటి కార్డు మీదే పంపిస్తున్నారు. మందుల నిరోధకత సర్వేలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని ఒప్పుకుంది. రక్తంలో వైరస్ తక్కువగా ఉంటే కార్డు నుంచి జన్యువు రాబట్టడం కష్టమే. కానీ మనం చదవాల్సింది మందు వాడుతున్నా వైరస్ పెరిగినవారినే కాబట్టి ఆ ఇబ్బంది చాలావరకు అడ్డురాదు. అంటే పల్లె నుంచి నమూనా కదలడం సమస్యే కాదు. దాన్ని అందుకుని, నాణ్యంగా చదివి, ఫలితాన్ని వేళకు వెనక్కి పంపే చోటు కావాలి.

ఆ చోటు ఒకటే ఎందుకు, ప్రతి మెడికల్ కాలేజీకీ ఒక మిషన్ కొనిస్తే పోదా అని అడగవచ్చు. ప్రతి మామిడి రైతూ తన తోటలోనే సొంత కోల్డ్ స్టోరేజీ కట్టుకోడు. కట్టుకున్నా నింపలేడు, కరెంటు బిల్లుకే పంట పోతుంది. సీక్వెన్సింగ్ లెక్కా ఇదే. మిషన్‌ను ఒకసారి నడిపితే అందులో పది నమూనాలున్నా, తొంభై ఉన్నా రసాయనాల ఖర్చు దాదాపు ఒకటే. తక్కువ నమూనాలొచ్చే ల్యాబు రెండింటిలో ఒకటి చేయాలి. నష్టానికి ఓర్చి సగం ఖాళీగా నడపాలి, లేదా నిండేదాకా వారాల తరబడి ఆగాలి. ఆగితే ఈలోగా కిట్ల గడువు తీరిపోతుంది, రోగి పాత మందు మీదే ఉండిపోతాడు. వార్షిక నిర్వహణ ఒప్పందం, కరెంటు పోయినా చల్లదనం తగ్గని ఫ్రీజర్లు, ఒక నమూనా రక్తం ఇంకోదానితో కలిసిపోకుండా వేరువేరు గదులు, ఫలితం సరైనదేనని బయటివారు పరీక్షించి ఇచ్చే ధ్రువీకరణ, ఇవన్నీ మిషన్ ధర మీద అదనం. అన్నింటికీ మించి మనుషులు కావాలి. హెచ్‌ఐవీ ఆర్‌ఎన్‌ఏను చెడకుండా రాబట్టే టెక్నీషియన్ చేయి ఏళ్ల సాధనతో కుదురుతుంది. ప్రాజెక్టు నిధులు ముగియగానే అతన్ని ఇంటికి పంపితే ఆ నేర్పు అతనితోనే పోతుంది. పది చోట్ల పది మిషన్లు కొని మూల పెట్టడం కన్నా, ఒకచోట నిండుగా నడిచే ల్యాబునూ అందులో స్థిరమైన ఉద్యోగాలనూ నిలబెట్టడం చవక, నాణ్యం కూడా. అమెరికా 1988 నుంచి తన యూనివర్సిటీల్లో ఎయిడ్స్ పరిశోధనా కేంద్రాలను నడుపుతున్నది ఈ సూత్రం మీదే. సీక్వెన్సింగ్, వైరాలజీ, గణాంకాల వంటి సేవలు ఉమ్మడిగా ఉంటాయి. చిన్న ప్రశ్నతో వచ్చిన యువ పరిశోధకుడు కూడా సొంత ల్యాబు లేకుండానే పని మొదలుపెట్టగలడు.

ల్యాబు సగమే, మిగతా సగం డేటా. లెక్క ఎవరి దగ్గర తీస్తున్నామన్నది పట్టించుకోకపోతే ఎంత పెద్ద సంఖ్యయినా దారి తప్పిస్తుందని మన గుంటూరు జిల్లాయే దేశానికి నేర్పింది. హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ నుంచి లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇళ్లకు వెళ్లి, జనాభాలోంచి శాస్త్రీయంగా ఎంచుకున్న 12 వేలకు పైగా మంది రక్తం పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించింది. అప్పటి అధికారిక పద్ధతి చెప్పే సంఖ్య అసలు దానికన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. ప్రైవేటు ఆసుపత్రులు అనుమానం ఉన్నవారిని ప్రభుత్వాసుపత్రికి పంపించడం, పేదలు ఎక్కువగా అక్కడికే రావడం, లెక్క తీసేదీ అక్కడే కావడం అందుకు కారణాలు. ఆ మరుసటి ఏడాది, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలు కూడా చేరాక, దేశం తన అంచనాను 50 లక్షల పైనుంచి సుమారు 25 లక్షలకు దించుకుంది. జన్యు డేటాకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పెద్ద ఆసుపత్రికి వచ్చేవారు చాలావరకు చికిత్స విఫలమైనవారే కాబట్టి వారి వైరస్‌లను మాత్రమే చదివితే నిరోధకత ఊరంతా పాకినట్టు కనిపిస్తుంది. చికిత్సకు దూరమైనవారు ఎక్కడా కనిపించరు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ నడిపే బత్తలపల్లి ఆసుపత్రి ఈ రెండో సంగతి మీద దృష్టి పెట్టింది. విసెంటె ఫెర్రర్ పేరుతో సాగిన హెచ్‌ఐవీ అధ్యయనంలో, రోగులు ఏ దశలో చికిత్సకు దూరమవుతున్నారో, ఎవరు ముందుగా చనిపోతున్నారో అక్కడి వైద్యులు వరసగా పరిశోధనా పత్రాల్లో వెల్లడించారు. పల్లె ఆసుపత్రి డేటా శ్రద్ధగా ఉంచుకుంటే ప్రపంచం చదివే శాస్త్రం దాంట్లోంచే పుడుతుందనడానికి అది రుజువు.

డేటా విభాగం చేయాల్సిన పని ఇక్కడ స్పష్టమవుతుంది. జన్యు వరసను మందుల చరిత్రతో, వైరల్ లోడ్‌తో, సీడీ4 రక్షక కణాల సంఖ్యతో, చికిత్స మొదలైన తేదీతో కలపాలి. ఒకే మనిషి రెండు కేంద్రాల్లో రెండు నంబర్లతో ఉంటే పసిగట్టాలి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆగిరిపల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా మనిషి వెళ్లే ఆసుపత్రి మారకపోవచ్చు. ఇరుగుపొరుగుకు తెలియకూడదని దగ్గరి కేంద్రాన్ని వదిలి దూరంగా వెళ్లేవారు ఎలాగూ ఉన్నారు. పరిశోధన రికార్డును జిల్లాకు ముడిపెడితే ఇలాంటి మనిషి రెండుచోట్లా లెక్కకొస్తాడు, లేదా ఏ లెక్కకూ రాడు. దీన్ని సరిదిద్దడానికి సాఫ్ట్‌వేర్ ఒక్కటే చాలదు. జబ్బు తెలిసిన డాక్టరు, గణాంకాలు తెలిసిన మనిషి, వైరస్ పరిణామం తెలిసిన మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆగిరిపల్లి పక్కనే నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్‌ఐటీ ఉంది. పల్లెల్లోని ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన వేలమంది పిల్లలు అక్కడ కంప్యూటర్ చదువులు చదువుతున్నారు. వైరస్ జన్యు విశ్లేషణలో కొందరికైనా శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపిస్తే, సొంత ప్రాంతపు జబ్బు మీద పనిచేసే అవకాశాన్ని వాళ్లు వదులుకోరు.

దక్షిణాఫ్రికా ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. అక్కడా సబ్‌టైప్ సీయే ఎక్కువ. హెచ్‌ఐవీ మందుల నిరోధకతపై ఏళ్ల తరబడి పనిచేసిన తులియో డి ఒలివెరా 2017లో డర్బన్‌లో క్రిస్ప్ అనే ఉమ్మడి సీక్వెన్సింగ్ వేదికను నెలకొల్పారు. కోవిడ్ వచ్చేనాటికి ఆ ల్యాబు, ఆ మనుషులు, ఆ డేటా పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి. అందుకే 2020 చివర్లో బీటా రకాన్ని పట్టుకున్నారు, 2021 నవంబరులో బోట్స్‌వానా శాస్త్రవేత్తలతో పాటు ఒమిక్రాన్ గురించి ప్రపంచాన్ని హెచ్చరించారు. హెచ్‌ఐవీ కోసం కట్టుకున్నది మరో మహమ్మారికి అక్కరకొచ్చింది. మన దగ్గర వరస తిరగబడింది. 2020 డిసెంబరులో కరోనా జన్యువులు చదవడానికి కేంద్రం పది ల్యాబులతో ఇన్సాకాగ్ కూటమిని ఏర్పాటు చేసినప్పుడు వాటిలో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్‌లోవే. ఆంధ్రప్రదేశ్ నమూనాలు చాలాకాలం బయటికే వెళ్లాయి. 2022 జనవరిలో సీసీఎంబీ సహకారంతో విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో రాష్ట్రం సొంత జీనోమ్ సీక్వెన్సింగ్ ల్యాబు మొదలైంది. కోవిడ్ కోసం మనం కట్టుకున్నదాన్ని హెచ్‌ఐవీకి, అక్కణ్నుంచి టీబీకి, హెపటైటిస్‌కు విస్తరించడమే ఇక చేయాల్సింది. కొత్త భవనంతో పని లేదు. ఉన్న పునాదికి ఉమ్మడి పాలన, శాశ్వత సిబ్బంది, డేటా విభాగం కలిస్తే చాలు.

దీని మీద మొదట వచ్చే అభ్యంతరం డబ్బు గురించే. కొత్త ఇన్‌ఫెక్షన్లు 2010తో పోలిస్తే దేశంలో దాదాపు 44 శాతం తగ్గాయి, తగ్గుతున్న జబ్బు జన్యువుల మీద ఖర్చు ఎందుకు, ఆ సొమ్ముతో మందులూ కండోములూ కౌన్సెలర్ల జీతాలూ ఇవ్వొచ్చు కదా అంటారు. నివారణకూ చికిత్సకూ ఒక్క రూపాయి తగ్గించినా తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ తగ్గుదల ఎలా వచ్చిందో గుర్తుంచుకోవాలి. 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ఆసుపత్రుల్లో మొదలైన ఉచిత ఏఆర్‌టీ దేశమంతా విస్తరించింది. వైరస్ అణిగి ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు, కొత్త కేసులు తగ్గడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. ఆ మందు పనిచేసినంత కాలమే ఈ తగ్గుదల నిలుస్తుంది. చికిత్స మీద ఉన్నవారు జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, అంటే వైరస్‌కూ మందుకూ మధ్య పెనుగులాట మరో ముప్ఫై నలభై ఏళ్లు సాగుతుంది. ఇప్పటి ప్రధాన మందు డోలుటెగ్రావిర్ వచ్చాక నిరోధకత భయం లేదన్న ధీమా కూడా పూర్తిగా నిజం కాదు. అది పాత మందులకన్నా ఎంతో గట్టిది, నిజమే. అయినా 2024 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో, కొన్ని దేశాల సర్వేల్లో డోలుటెగ్రావిర్ నిరోధకత 3.9 నుంచి 8.6 శాతం దాకా కనిపించింది. వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్న స్థితిలోనే ఈ మందుకు మారిన రోగుల్లో ఒకచోట 19.6 శాతానికి చేరింది. లక్షల మంది ఒకే మాత్ర మీద ఆధారపడ్డ రాష్ట్రం ఆ మాత్ర మీద నిఘా పెట్టడాన్ని విలాసమనుకోకూడదు. నిరోధకత పాకిపోయాక రెండో, మూడో వరస మందులకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఉమ్మడి ల్యాబు ఖర్చు చిన్నది.

రెండో అభ్యంతరం, పుణెలో ఎయిడ్స్ పరిశోధనకు జాతీయ సంస్థ ఉండగా ఇక్కడ ఇంకొకటి ఎందుకని. 1992లో మొదలైన ఆ సంస్థ చేసిన సేవ గొప్పది, ఉమ్మడి ల్యాబుకు నాణ్యత పరీక్షించే పెద్ద దిక్కుగా అది ఉండాల్సిందే. కానీ జాతీయ సర్వేకు కొన్ని వందల నమూనాలు పంపడం వేరు, 3 లక్షల మంది ఉన్న రాష్ట్రంలో ఎక్కడ ఏ మార్పు తలెత్తుతోందో నెలనెలా గమనించడం వేరు. మొదటిది దేశానికి సగటు చెబుతుంది. రెండోదే కర్నూలు ఏఆర్‌టీ డాక్టరుకో, ఏలూరు డాక్టరుకో పనికొస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం తన రోగుల వైరస్ జన్యువులను దాదాపు ఎప్పటికప్పుడు గమనించడం వల్లే 2014లో నిరోధక వైరస్ ఒక గుంపులో పాకుతున్నట్టు గుర్తించి, ఆరోగ్య సిబ్బందిని అక్కడికి పంపగలిగింది. స్టాన్‌ఫర్డ్ నిరోధకత డేటాబేస్, లాస్ అలమోస్ జన్యు భాండాగారం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటిలో వరస పెడితే జవాబు వస్తుంది కదా అనేవారూ ఉన్నారు. అవి అమూల్యమైనవే. కానీ ఇతరులు ఇచ్చిన వరసల మీదే అవి నిలబడ్డాయి. మన సీ వైరస్‌లు అందులో ఎంత తక్కువగా ఉంటే మన రోగి గురించి అవిచ్చే జవాబు అంత బలహీనంగా ఉంటుంది. వాడుకోవడంతో పాటు ఇవ్వడం కూడా నేర్చుకోవాలి.

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం గోప్యత గురించి. హెచ్‌ఐవీ ఉందని బయటపడితే ఇల్లు ఖాళీ చేయమనే ఊళ్లు, పెళ్లి చెడిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వైరస్ జన్యువులను పోల్చి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పేస్తారన్న భయం రోగుల్లో కలిగితే పరీక్షకే రారు. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఇందులో శాస్త్రం చెప్పేది మొదట తెలుసుకోవాలి. రెండు వైరస్‌లు దగ్గరి చుట్టాలని జన్యు వరస చెప్పగలదు గాని, ఒకరు ఇంకొకరికి అంటించారని నిరూపించలేదు, మధ్యలో పరీక్షకు రాని మూడో మనిషి ఎప్పుడూ ఉండవచ్చు. నిర్దోషిని కాపాడడంలో మాత్రం ఇది ఎంతో ఉపయోగపడింది. లిబియాలోని బెంఘాజీ ఆసుపత్రిలో 400 మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకిన కేసులో అయిదుగురు బల్గేరియా నర్సులకు, ఒక పాలస్తీనా డాక్టరుకు మరణశిక్ష వేశారు. వాళ్లు 1998లో అక్కడికి రాకముందే ఆ వైరస్ ఆసుపత్రిలో తిరుగుతోందని 2006 డిసెంబరులో జన్యు విశ్లేషణ చూపింది. డర్బన్ ల్యాబు స్థాపించిన డి ఒలివెరాయే ఆ పని ముందుండి చేశారు. మరుసటి ఏడాది ఆ ఆరుగురూ విడుదలయ్యారు. అయినా రక్షణ శాస్త్రవేత్తల మంచితనానికి వదిలేయకూడదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం రోగి సమ్మతి లేకుండా పరీక్షగానీ పరిశోధనగానీ చేయకూడదంటుంది, వివరాలు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది, రికార్డులు భద్రంగా ఉంచాలంటుంది. అందులో కోర్టు ఆదేశం వంటి మినహాయింపులు ఉన్నాయి కాబట్టి ఉమ్మడి ల్యాబులో అసలు పేర్లే లేకుండా చూడటం మంచిది. పేరు ఏఆర్‌టీ కేంద్రం దాటి రాకూడదు. ల్యాబుకు కోడ్ నంబరు చాలు. పరిశోధకులకు వేరే కోడ్ వెళ్లాలి, ఊరి పేరు బదులు పెద్ద ప్రాంతం పేరే కనిపించాలి. తన దగ్గర లేనిదాన్ని ల్యాబు ఎవరికీ ఇవ్వలేదు.

మనుషులకే కాదు, ప్రాంతాలకూ మచ్చ పడుతుంది. 2021 మే నెలలో ఎన్440కే అనే మార్పు ఉన్న కరోనా వైరస్‌కు ‘ఏపీ స్ట్రెయిన్’ అని పేరు తగిలించి, అది ఎన్నో రెట్లు ప్రమాదకరమన్న ప్రచారం దేశమంతా చుట్టబెట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధిస్తూ ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని, దాని స్థానంలో వేరే రకాలు పెరుగుతున్నాయని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నెలల తరబడి పోగేసిన జన్యు వరసలతో చూపించారు. జన్యు సమాచారం ముక్కలుగా, వివరణ లేకుండా బయటికొస్తే అది నిందగా మారుతుంది. అదే సమాచారం పూర్తిగా, బాధ్యతగల చేతుల్లో ఉంటే ఆ నిందకు జవాబు అక్కడే దొరుకుతుంది. చదవడం మానేస్తే మచ్చ తప్పుతుందని అనుకోవడం పొరపాటు. అప్పుడు పుకారు మాత్రమే మిగులుతుంది, దాన్ని ఖండించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. హెచ్‌ఐవీ విషయంలో ఏ ఊరి పేరూ, ఏ వృత్తి పేరూ, ఏ కులం పేరూ వైరస్ రకానికి తగిలించకూడదన్న నియమం మొదటి రోజు నుంచే రాతపూర్వకంగా ఉండాలి.

ఇక చిన్న కాలేజీల అధ్యాపకులకు ఉండే సందేహం ఒకటుంది. ఉమ్మడి అన్న పేరుతో పెద్ద సంస్థ అన్నీ తన గుప్పిట్లోకి తీసుకుంటుందని, నమూనాలు తమవీ పేరు వాళ్లదీ అవుతుందని. గతంలో ఎన్నో పరిశోధనల్లో జిల్లా డాక్టర్ల పాత్ర రక్తం పంపడంతోనే ముగిసింది కాబట్టి ఈ సందేహం న్యాయమైనదే. దీనికి విరుగుడు నియమాల్లో ఉంది. నమూనా పంపిన డాక్టరుకు నిర్ణీత వారాల్లో ఫలితం తిరిగి అందాలి, ఆ ఫలితం ముందు రోగికి ఉపయోగపడాలి. పరిశోధనా పత్రంలో పంపినవారి పాత్ర ఏమిటో పని మొదలుకాకముందే రాసుకోవాలి. మిషన్ మీద ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపించే పట్టిక ఉండాలి. పాలక మండలిలో మెడికల్ కాలేజీలతో సమానంగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాల ప్రతినిధులకు ఓటు ఉండాలి. తమ రక్తంతో ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో వాళ్లకూ తెలుసు. పిల్లలకు మందు ఎందుకు పనిచేయడం లేదో, గర్భిణికి ఏ మందు మంచిదో వాళ్లు అడిగే ప్రశ్నలు జర్నల్ సంపాదకుడి ప్రశ్నలకన్నా ముందు రావాలి. కనుగొన్నదేమిటో ఏటా తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా ప్రచురించాలి.

ఈ పని ఇప్పుడే చేయడానికి గట్టి కారణం ఉంది. ఆరు నెలలకోసారి ఇంజెక్షన్‌గా తీసుకునే లెనకపవిర్ మందు, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన పరీక్షలో దాన్ని తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకకుండా కాపాడిందని 2024లో తెలిసింది. ఆ ఏడాది అక్టోబరులో జెనరిక్ తయారీకి లైసెన్సు పొందిన ఆరు కంపెనీల్లో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ రెండూ హైదరాబాద్‌వే. 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకే అందించే ఒప్పందాలు 2025 సెప్టెంబరులో ఖాయమయ్యాయి. ఈ మందు వైరస్ జన్యువును చుట్టి ఉండే క్యాప్సిడ్ ప్రోటీన్ మీద పనిచేస్తుంది, ఇంతవరకు మనం వాడిన మందులేవీ ఆ ప్రోటీన్ జోలికి పోలేదు. ఇలాంటి మందు జనంలోకి వచ్చేముందు, ఆ ప్రోటీన్ జన్యువు మన వైరస్‌లలో సహజంగా ఎలా ఉందో రాసిపెట్టుకోవాలి. వచ్చాక కనిపించే మార్పు మందు తెచ్చిందా, ముందే ఉన్నదా అని తేల్చడానికి ఆ తొలి లెక్క ఒక్కటే ఆధారం. మందు వాడకం మొదలయ్యాక ఆ లెక్క తీసే అవకాశం మళ్లీ రాదు. మందు తయారుచేసి ప్రపంచానికి పంపే ప్రాంతం, ఆ మందును తన వైరస్ ఎలా ఎదుర్కోబోతోందో తెలియకుండా ఉండిపోవడం మంచిది కాదు.

అందుచేత రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాల్సినవి పెద్దవేం కాదు. విజయవాడ సీక్వెన్సింగ్ ల్యాబును హెచ్‌ఐవీ జన్యు పరిశోధనకు రాష్ట్రవ్యాప్త ఉమ్మడి కేంద్రంగా ప్రకటించాలి. చికిత్స తీసుకుంటున్నా వైరల్ లోడ్ వెయ్యి దాటిన ప్రతి రోగికీ, సమ్మతి ఇస్తే, డోలుటెగ్రావిర్ గురిపెట్టే ఇంటిగ్రేజ్‌తో సహా జన్యు పరీక్ష చేయించాలి. ల్యాబు నిర్వాహకుడు, టెక్నీషియన్లు, గణాంక నిపుణుడు, బయోఇన్ఫర్మాటిక్స్ నిపుణుడు, డేటా భద్రత అధికారి ఉద్యోగాలను ప్రాజెక్టుకు కాకుండా శాశ్వత పద్దుకు చేర్చాలి. నూజివీడు ట్రిపుల్‌ఐటీ, సీసీఎంబీ, మంగళగిరి ఎయిమ్స్, పుణె సంస్థలతో శిక్షణ ఒప్పందాలు చేసుకోవాలి. రోగుల సంఘాలకు పాలనలో చోటిచ్చే నియమావళిని ముందే ప్రకటించాలి. 1986లో చెన్నైలో సునీతి సోలోమన్, సెల్లప్పన్ నిర్మల దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను కనుగొన్నప్పుడు, ఆ రక్తం నమూనాలను వేరే ఊరికి మోసుకెళ్లి పరీక్షించారు, నిర్ధారణకు అమెరికా పంపించారు. అప్పుడు మనకు గత్యంతరం లేదు. నలభై ఏళ్ల తర్వాత ల్యాబు మన దగ్గరుంది, చదివే పిల్లలు మన దగ్గరున్నారు, చట్టం అమల్లో ఉంది. రోజూ మాత్ర వేసుకుని తన వంతు పని తాను చేస్తున్న మనిషికి, ఆ మాత్ర రేపు కూడా పనిచేస్తుందో లేదో కనిపెట్టి చెప్పడం ప్రభుత్వం వంతు. వచ్చే బడ్జెట్‌లోనే దానికి పద్దు కేటాయించాలి.